అమ్మోరి పసుపు

రాకిరాకి
4 మే 1913

ఒరే సన్యాసీ,

అక్క అచ్చియ్యమ్మ దీవెనలు. క్షేమమా అని అడగను, క్షేమంగానే ఉంటావు. చిన్నప్పటి నుంచీ నీ కడుపు నిండితే లోకమంతా నిండినట్టే కదా నీకు. భగవతికి అయిదో నెల అని నీ ఓడ నేస్తం, ఆ జహాజీ రామ్ నారాయణ ఇటు వచ్చినప్పుడు చెప్పాడు. రెండు కాన్పులు పోయాయి, ఈసారైనా నిలవాలి. దాని చేత నీళ్ళ డబ్బాలు మోయించకు. హిందుస్తానీ పిల్ల అయినంత మాత్రాన నడుము ఇనుముతో చెయ్యరు.

ఇక నా సంగతి. మీ బావ పచ్చబడ్డాడు.

ఓడ దిగగానే మనల్ని నుకులావు కూలీల డిపోలో విడదీసి నిన్ను సముద్రం అవతల లంబాసాకి, మమ్మల్ని ఇక్కడికి తోలాక, మన వైపు వాళ్ళంతా కలిసి కూలీ లైన్ల వెనక వాగు ఒడ్డున ఒక రాయి నిలబెట్టి నూకాలమ్మ అన్నారని నీకు రాశాను. పూజారి దొరక్క, నాలుగు పాటలు వచ్చునని మీ బావని కూర్చోబెట్టారు. ఆ ఏడు జాతరలో ఆయనకి పూనకం వచ్చింది. అమ్మోరు సారా అడిగింది. సగం రాయి మీద పోశారు, సగం ఆయన నోట్లో పోశారు. రాయి తాగదు కదా, మనిషి నోటితోనే తాగాలి మరి! అప్పట్లో అది ఏడాదికి ఒకసారి. తర్వాత ప్రతి ఆదివారం. గిర్మిట్ ఒప్పందం తీరి సొంతానికి చెరుకు వేసుకున్నాక అడ్డే లేకపోయింది. ఇప్పుడు ఆవు ఈనితే సీసా, పిల్లకి జ్వరం తగ్గితే సీసా, పని చూసే కులంబరు దొర తిడితే సీసా, తిట్టకపోతే సీసా. అన్నీ మీ బావ గొంతులోకే. వాగు అవతల ఒకడు మిల్లు మడ్డితో దొంగసారా కాస్తాడు. ఆ తొట్టిలో చచ్చిన ఎలకలు తేలుతుంటే గరిటెతో పక్కకి తోసి కాస్తాడు. నా కళ్ళారా చూశాను.

ముందు కళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత గోళ్ళు, ఇప్పుడు ఒళ్ళంతా. చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం కుండలా లేచింది. ఊళ్ళో జనం ఏమంటున్నారో తెలుసా? "అమ్మోరు ఒంటికి పసుపు పూసింది, కడుపులో కొలువైంది" అంటున్నారు! పక్కింటి కుంతి వచ్చి ఆయన చెమట గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని మొగుడి చేతికి రక్షగా కట్టింది. ఛీ! ఆ చెమట కంపు నేను భరించలేక దూరంగా పడుకుంటుంటే వాళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు.

నువ్వు వచ్చి బావని లంబాసా తీసుకుపో. అక్కడ ఆయన ఉత్త రంగస్వామి, పూజారి కాడు. సీసాలు తెచ్చేవాడు ఉండడు. ఈ సీజను దాటితే మనిషి దక్కడని భయంగా ఉంది.

మీ అక్క
అచ్చియ్యమ్మ


లంబాసా
1 జూన్ 1913

అక్కకి సన్యాసి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నీ నోరు చిన్నప్పటిదే, ఏమీ మారలేదు. నువ్వు రాసింది ఒకటి, రామ్ నారాయణ చెప్పింది ఒకటి. "మీ బావకి దండం పెడితే ఒళ్ళు జలదరించింది భాయ్, మొహం బంగారంలా ఉంది" అన్నాడు. వాడు తెలుగువాడు కూడా కాదు. పరాయివాడికి కనిపించిన మహిమ ఇంటి ఆడదానికి కనిపించలేదు! పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా?

కామెర్లే అనుకున్నా అదేమంత పెద్ద జబ్బు? మన వాళ్ళకి రాలేదా? నేల ఉసిరి ఇక్కడా మొలుస్తుంది, నూరి మజ్జిగలో ఇవ్వు. తగ్గకపోతే చేతికి వాత పెట్టించు. నాన్న కల్లు తాగలేదా? తాగీ తాగీ డెబ్బై ఏళ్ళు బతికాడు.

ఇప్పుడు రావడం నా వల్ల కాదు. చెరుకు నరికే రోజులు, పైగా భగవతి మంచం దిగకూడదన్నారు. మళ్ళీ కొంచెం రక్తం కనిపించింది. రాత్రిళ్ళు నాకు నిద్ర లేదక్కా. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. బావని అమ్మవారి దగ్గర కూర్చోబెట్టి, "సన్యాసి ఇంట బిడ్డ నిలుస్తుందా?" అని అడిగించి జవాబు రాయి. నిలుస్తుందంటే మొక్కు చెల్లిస్తాను.

మా ఎద్దుకి కొమ్ము విరిగింది. ఈసారి వానలు బాగున్నాయి.

తమ్ముడు
సన్యాసి


రాకిరాకి
29 జూన్ 1913

సన్యాసీ,

నాన్న కల్లు తాగి డెబ్బై ఏళ్ళు బతికాడు, సరే. నాన్న తమ్ముడు ముప్పై అయిదేళ్ళకే పొట్ట ఉబ్బి పోయాడు. ఆయన సంగతి ఎందుకు రాయలేదు? బతికినవాడి పేరే చెప్పుకుంటాం, పోయినవాడిది విధి అంటాం.

నేల ఉసిరి ఇచ్చాను, వాతా పెట్టించాను. వాత పుండై చీము పట్టింది, పసుపు తగ్గలేదు. పొద్దుటి పూట వాంతి. నెలల తరబడి నేను ఎత్తిపోసినవి చెబితే నువ్వు వారం రోజులు అన్నం తినవు. పగలంతా నిద్ర, రాత్రంతా కలవరింత. పొంతన లేని మాటలు. "ఓడ వచ్చింది, గొడ్లని కట్టెయ్యండి" అన్నాడు ఒక రాత్రి. మర్నాడు జనం పందిట్లో కూర్చుని దానికి అర్థం చెప్పుకున్నారు! ఒకడు ఆవుని అమ్మేశాడు. లాగూలో దొడ్డికి పోయి కూర్చున్న మనిషి ముందు చేతులు జోడించి, "తల్లీ, నా కూతురు ఎప్పుడు ఈడేరుద్ది?" అని అడుగుతోంది ఒకత్తి. నేను తడిగుడ్డ పట్టుకుని ఆమె లేస్తుందేమో అని నిలబడి ఉన్నాను.

నాకు సిగ్గు పోయింది. బండి కట్టించి, బతిమాలి, తిట్టి, ఎస్టేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు దొర కుడి డొక్క కింద వేళ్ళు పెట్టి నొక్కాడు. దొర చెబుతుంటే కట్లు కట్టే డ్రెస్సరు మనకి తెలిసేలా చెప్పాడు. "కార్జం ఎప్పుడైనా కోసినావా అమ్మా? మేక కార్జం మెత్తగా ఉంటాది. తాగితే ముందు కొవ్వు పట్టి ఉబ్బుద్ది. అప్పుడు మానేస్తే బాగవుద్ది. మానకపోతే లోపల మచ్చలు కట్టి, గట్టిపడి, ముడుచుకుపోద్ది. మీ ఆయనది అలా అయిపోయినాది. రక్తం దాంట్లోంచి పోలేక వెనక్కి తంతాది, అందుకే పొట్టలో నీరు. ఆ గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు. ఇక ఒక్క చుక్క ముట్టకపోతే, ఉన్న కాసింత మెతకతో ఇంకొన్నాళ్ళు నడుస్తాడు."

పొట్టలో బోలు సూది గుచ్చి నీళ్ళు తీశారు. గంజి రంగు నీళ్ళు, బకెట్టు నిండింది. మా వెంట వచ్చిన కుంతి ఆ బకెట్టులో వేలు ముంచి తీర్థంలా నెత్తిన చల్లుకుంది, సన్యాసీ! నేను దాన్ని చెంప మీద కొట్టాను. డ్రెస్సరు నన్నే కోప్పడ్డాడు. ఇప్పటికీ నా చెయ్యి మండుతోంది, అయినా ఇంకోసారి కొట్టాలనే ఉంది.

మానిపించాను. మూడో రోజుకి చేతులు వణికి, గోడ మీద తేళ్ళు పాకుతున్నాయని కేకలు. "సారా పొయ్యలేదని అమ్మోరికి కోపం వచ్చింది" అని జనం గుమ్మం ముందు చేరారు. చెరుకు కత్తి పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. దొర ఇచ్చిన మందు పోసి మళ్ళీ ఆసుపత్రిలో పెట్టాం. ఒళ్ళు తెలియని మనిషిని నీ బిడ్డ సంగతి అడగమంటావా? నేను అడగలేదు, అడగను. భగవతిని కదలనివ్వకు, నర్సమ్మకి చూపించు. ఆ పని నీ చేతిలో ఉంది.

అచ్చియ్యమ్మ


లంబాసా
3 ఆగస్టు 1913

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడుపు వచ్చింది. బావ అంత బాధ పడుతున్నాడని నాకేం తెలుసు? కానీ కుంతిని కొట్టడం తప్పు. నమ్మకం ఉన్నవాళ్ళని కొట్టకూడదు.

నువ్వు అడగనన్నావు కానీ, అమ్మవారే నాకు చెప్పింది. భగవతికి పోయిన వారం కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. అంతకు ముందు రోజే నేను రాకిరాకి వైపు తిరిగి, "తల్లీ, బిడ్డ నిలిస్తే మా బావ నోటి మీదుగా నీకు సీసా పోయిస్తాను" అని మొక్కుకున్నాను. ఇది కాకతాళీయం అంటావా?

అందుకని రామ్ నారాయణ చేత ఒక సీసా పంపుతున్నాను. ఎలకలు పడ్డ దొంగసారా కాదు, ఓడ మీద కలాసీ దగ్గర తీసుకున్న అసలు రమ్ము. బావ అంతా తాగనక్కర్లేదు. సగం రాయికి పొయ్యి, ఒక్క గుక్క బావకి పట్టించు. నోటి మీదుగా పొయ్యకపోతే మొక్కు తీరదని నీకూ తెలుసు. కార్జం ఎలాగూ గట్టిపడిపోయిందని డాక్టరే అన్నాడుగా. ఇక ఈ ఒక్క గుక్క ఎంత? సముద్రంలో కాకిరెట్ట.

కోప్పడకు. నాకు ఈ బిడ్డ కావాలి.

సన్యాసి


రాకిరాకి
10 ఆగస్టు 1913

చిరంజీవి సన్యాసికి,

దీవెనలు. నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అయినా ఈ కబురు ఆపుకోలేక రాస్తున్నాను. మీ బావ ఈవేళ వాగు దాకా నడిచాడు!

చుక్క ముట్టి నెల దాటింది. కళ్ళలో పసుపు పలచబడింది. ఉప్పు మానిపించాను. చప్పిడి గంజి, ఉడికించిన దాలో దుంప. మొదట్లో గిన్నె విసిరేశాడు, ఇప్పుడు వేలితో నాకుతున్నాడు. పొట్ట దిగింది. కంపు పోయింది. నిన్న నేను ఆయన పక్కనే పడుకున్నాను. పెళ్ళయిన కొత్తలో సిగ్గుపడినంత సిగ్గు వేసింది, ఈ వయసులో!

రాత్రి ఆయన తనంతట తానే చెప్పాడు. "అచ్చీ, మొదటి ఏడు నిజంగానే అమ్మోరు వచ్చినాదేమో, నాకు తెలవదు. ఆ తర్వాత అమ్మోరు నేదు, ఏటీ నేదు. నాకు దాహమేసింది. అమ్మోరికి దాహమేసిందని చెప్పినాను. అందరూ నమ్మినారు." నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నాతో మాట్లాడిన మొదటి నిజం అదే. గట్టిగా పట్టుకుని ఏడ్చాను.

జనం మాత్రం మొహం మాడ్చుకున్నారు. పసుపు దిగితే అమ్మోరు దిగిపోయిందట. రోగం ముదిరితే దేవుడు, తగ్గితే ఉత్త మనిషి. థూ! ఈ దేశపు మనిషి, మన కాయివీటి పొరుగాయన, వాగు పక్కన ఉండే సేరు అనే ఆయన పొద్దుటే వచ్చి పనస చెట్టు కింద కూర్చుని నవ్వాడు. ఆయన నంగోనా గిన్నె, వాళ్ళు వేరు దంచి కలుపుకునే మత్తు నీళ్ళు, తెస్తే అది కూడా వద్దన్నాను. నొచ్చుకోలేదు, గిన్నె బోర్లించి ఊరికే కూర్చున్నాడు. మన వాళ్ళ కంటే ఆయనకే బుద్ధి ఉంది.

సీజను అయ్యాక భగవతిని చూడటానికి ఇద్దరం వస్తాం. చెరుకు డబ్బు వస్తే పిల్లకో పిల్లాడికో ఉయ్యాల గుడ్డ కొంటాను.

అక్క


రాకిరాకి
31 ఆగస్టు 1913

సన్యాసీ,

మీ బావ పోయాడు. మట్టి చేసి వారమైంది.

నేను ఆసుపత్రికి మందు కోసం వెళ్ళాను. వచ్చేసరికి పందిట్లో డప్పు. నీ రామ్ నారాయణ పూలదండ వేసిన సీసాతో వచ్చాడు. సముద్రం దాటి వచ్చిన మొక్కు అని ఊరంతా చేరింది. మీ బావ వద్దన్నాడట. "నాను తాగను, నా మీద అమ్మోరు నేదు" అని అందరి ముందూ చెప్పాడట. ఎవరూ నమ్మలేదు. అప్పుడు రామ్ నారాయణ నీ మాట చెప్పాడు. "భయ్యా, సన్యాసి బిడ్డ కోసం. రెండు పోయాయి. ఇది కూడా పోతే ఆ పాపం ఎవరిది?"

 మీ బావ చెయ్యి చాపాడట. ఒక్క గుక్కతో ఆగుతుందా అది? గుక్క పడ్డాక ఆ గొంతు ఆయన మాట వినలేదు. సీసా అయిపోయింది. ఎవరో పరిగెత్తుకెళ్ళి వాగు అవతలి నుంచి ఇంకొకటి తెచ్చారు. రెండు రోజులు పోశారు. నేను కత్తి పట్టుకుని వెళితే నలుగురు నన్ను పట్టి ఇంట్లో పెట్టి తలుపు వేశారు.

మూడో నాడు తలుపు తీసి ఆయన్ని నా చాప మీద పడేశారు. నా ఒళ్ళో నెత్తురు కక్కాడు. ఎర్రగా కాదు, ముందు కాఫీ మడ్డిలా నల్లగా, తర్వాత ఎర్రగా, గడ్డలు గడ్డలుగా. చాప నిండింది. ఆ కంపు ఇంకా నా జుట్టులో ఉంది, ఎన్నిసార్లు తలంటుకున్నా పోవడం లేదు. బయట ఒకడు "అమ్మోరు బలి తీసుకుంటాంది" అని డప్పు కొడుతూనే ఉన్నాడు. డ్రెస్సరు వచ్చేసరికి అయిపోయింది.

"గొంతు కింద నరాలు ఉబ్బి పగిలినాయి" అన్నాడు డ్రెస్సరు. "ఆ సీసాయే చంపిందా?" అని అడిగాను. అబద్ధం చెప్పలేదాయన. "ఒక్క సీసా చంపదమ్మా, ఏళ్ళ తాగుడు చంపినాది. ఆ నరాలు ఎప్పుడైనా పగిలుండొచ్చు. కానీ నెల నుంచి బాగుపడతన్నాడు. ఇంకొన్నాళ్ళు ఉండేవోడు" అన్నాడు.

ఇంతకంటే ఏమీ రాయలేను.

అచ్చియ్యమ్మ


లంబాసా
4 సెప్టెంబరు 1913

పూజ్యులైన అక్కకి, బావకి సన్యాసి వేయి దండాలు!

ఆడపిల్ల! నిన్న తెల్లవారుజామున! తల్లీ పిల్లా బాగున్నారు. కేకలు పెడుతుంటే పక్క లైను దాకా వినిపిస్తోంది. నీ నోరే వచ్చింది దానికి. పేరు నూకాలమ్మ అని అప్పుడే పెట్టేశాను, భగవతి పలకలేక "నూకా, నూకా" అంటోంది.

బావ వాగు దాకా నడిచాడని రాశావే, ఆ ఉత్తరం మొన్ననే అందింది. చూశావా? నేను ఇక్కడ మొక్కుకున్నాను, బావ అక్కడ లేచాడు! అటు బావ, ఇటు బిడ్డ, ఒకే మొక్కుకి రెండు ఫలాలు. సీసా పంపానని తిట్టి ఉంటావు. ఇప్పుడు ఏమంటావు?

ఈ ఉత్తరంతో పాటు ఇంకో రెండు సీసాలు పంపుతున్నాను. ఈసారి బావ నిండుగా తాగాలి. నా పిల్ల పేరు చెప్పి తాగమను. నేను పిల్లనెత్తుకుని వచ్చి ఆయన కాళ్ళ మీద పెడతాను.

నీ తమ్ముడు, ఆడపిల్ల తండ్రి
సన్యాసి


రాకిరాకి
21 సెప్టెంబరు 1913

సన్యాసీ,

నీ ఉత్తరం, సీసాలు ఒకే రోజు వచ్చాయి. నా ఉత్తరం ఈపాటికి నీకూ అంది ఉంటుంది. ఎవరిది ముందు అందితే ఏమిటి ఇప్పుడు?

సీసాలు వచ్చాయని తెలిసి మగవాళ్ళు వచ్చారు. పూజారి ఎవరూ లేరు, పెళ్ళాం మీదకి అమ్మోరు వస్తుందని అనుకున్నారట. "నువ్వు కూకోవే అచ్చియ్యమ్మా, నీకు ఆ యోగం ఉన్నాది" అన్నారు. వాళ్ళ ముందే రెండు సీసాలూ పేడకుప్పలో పోశాను. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని ఆ పేడ వాసన చూశాడు. ఇంతకంటే అసహ్యం నేను ఈ జన్మలో చూడను.

పిల్ల పుట్టినందుకు సంతోషమే. నిజంగా. నా కడుపున ఎలాగూ ఎవరూ లేరు. మేనకోడలు నా నోరు పెట్టుకుని పుట్టిందంటే అదే చాలు నాకు. నిన్ను తిట్టాలని కూర్చున్నాను, పిల్ల గుర్తొచ్చి కలం ఆగిపోయింది. నువ్వు చెడ్డవాడివి కావు. మూడోసారి కూడా పోతుందేమో అన్న భయంతో చేశావు. అయినా చేశావు.

ఒక సంగతి మాత్రం విను. మీ బావ జన్మలో తాగిన ప్రతి సీసా దాహంతో తాగాడు. నువ్వు పంపిన దాంట్లో మొదటి గుక్క ఒక్కటే దాహం లేకుండా తాగాడు. అది తాగితే ఏమవుతుందో తెలిసే తాగాడు, ఆయనకి డాక్టరు నా ముందే చెప్పాడు. నీ బిడ్డ పోతే ఆ పాపం తనది అవుతుందని తాగాడు.

రేపు ఆ పిల్లకి మాటలు వస్తాయి. మామయ్య ఏమయ్యాడని అడుగుతుంది. అమ్మోరు తీసుకుపోయిందని దానికి చెప్పకు. "మీ మామయ్య తాగి తాగి కార్జం గట్టిపడి నెత్తురు కక్కి పోయాడు, మానుకున్నాక మళ్ళీ సీసా పంపింది నేనే" అని నీ నోటితో, దాని మొహం చూసి చెప్పు.

చెప్పలేకపోతే పిల్లని నా దగ్గరికి పంపు. నేను చెబుతాను.

అచ్చియ్యమ్మ